నీటి అంచున బడి: భద్రత గోడల్లో ఉందా, దారిలో ఉందా?

ఆస్టినాబాద్ (అండమాన్): 2004 డిసెంబర్ 26 ఆదివారం. ఉదయం ఆరున్నరకు భూమి కదిలింది. కొద్దిసేపటికే సముద్రం ఊళ్ల మీదకు వచ్చింది. అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు మూడున్నర వేల మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. తీరంలోని బడులు కూడా కొట్టుకుపోయాయి. కానీ ఆ బడుల్లో పిల్లలు లేరు. ఆదివారం కాబట్టి, పొద్దున్నే కాబట్టి బడి గదులు ఖాళీగా ఉన్నాయి. అదే అల సోమవారం పదకొండు గంటలకు వచ్చి ఉంటే లెక్క ఎలా ఉండేదో ఊహించడానికి కూడా మనసు రాదు.

పోర్ట్ బ్లెయిర్ శివారులోని ఆస్టినాబాద్ నుంచి సిప్పీఘాట్ పెద్ద దూరం కాదు. ఆ భూకంపంతో దక్షిణ అండమాన్‌లో ఈ వైపు నేల సుమారు ఒక మీటరు కిందికి కుంగింది. ఒకప్పుడు పంట పండిన సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చింది, మళ్లీ వెనక్కి పోలేదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ ముంపు భూములు కళ్ల ముందే ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా మారింది. నీటి అంచున బతికేవాళ్ల పరిస్థితి మాత్రం పేరుతో పాటు మారలేదు.

ఆ అంచున బతికేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల మొత్తం జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. 1950లలో ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలను ఆంధ్ర, కేరళ తీరాల నుంచి ఇక్కడికి తెచ్చి స్థిరపరిచింది. ఆ తర్వాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి బంధువు వెంట బంధువు, ఊరి వెంట ఊరు కదిలి వచ్చింది. జంగ్లీఘాట్ రేవులో పొద్దున చేపల బుట్టలు దిగే వేళ ఉత్తరాంధ్ర యాస వినిపించకుండా ఉండదు. హిందీ, ఇంగ్లిష్, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ఇక్కడి ప్రభుత్వ బడుల్లో బోధన సాగిన చరిత్ర ఉంది.

అందుకే ఒక ప్రశ్న ఇక్కడి నుంచి అడగడం సబబు. నీటి మీదో, నీటి పక్కనో బతికే పేద మత్స్యకార పల్లెకు ప్రాథమిక పాఠశాల కట్టాలంటే, ఆ బడి 'సురక్షితం' అని దేన్ని చూసి అనాలి?

తేలే ఊళ్లో తేలే బడి

తేలే ఊరు అనగానే మనకు కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సు గుర్తొస్తుంది. కానీ అలాంటి ఊరు మన దేశంలోనే ఉంది. మణిపుర్‌లోని లోక్‌తక్ సరస్సులో గడ్డి, వేళ్లు, మట్టి కలిసి దట్టంగా అల్లుకుని తేలే దిమ్మెలను 'ఫుమ్‌డి' అంటారు. వాటి మీద గుడిసెలు వేసుకుని చేపలు పట్టి బతికే ఊరు చంపు ఖంగ్‌పోక్. 2017 ఫిబ్రవరిలో అక్కడ ఒక తేలే ప్రాథమిక పాఠశాల మొదలైంది. దాన్ని పెట్టింది ప్రభుత్వం కాదు. లోక్‌తక్ మత్స్యకారుల సంఘం ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి పెట్టుకుంది.

ఆ బడి ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. 1983లో ఇథాయ్ బ్యారేజీ కట్టి సరస్సు నీటిమట్టాన్ని ఏడాది పొడవునా ఎత్తులో నిలిపారు. చుట్టుపక్కల పొలాలు మునిగాయి. నేల పోయినవాళ్లలో చాలామందికి సరస్సే దిక్కయింది. 2006లో వచ్చిన లోక్‌తక్ పరిరక్షణ చట్టం ఫుమ్‌డిల మీద నివాసాన్ని నిషేధించింది. 2011 నవంబర్‌లో అధికారులు వందల గుడిసెలను తగలబెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లల కోసం అయిదేళ్లు దాటాక మత్స్యకారులే బడి పెట్టుకున్నారు.

ఈ వరుసలో అసలు చిక్కు కనిపిస్తుంది. ప్రభుత్వం దృష్టిలో ఆ ఊరే చట్టవిరుద్ధం. లేని ఊరికి బడి ఎలా మంజూరు చేస్తారు? కానీ పిల్లలు మాత్రం ఉన్నారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఉచిత విద్య ఇస్తామన్న రాజ్యాంగ హామీ వాళ్ల ఇంటికి పట్టా ఉందా లేదా అని చూడదు. ఇంటి స్థలం మీద వివాదం ఉండవచ్చు. పిల్లవాడి హక్కు మీద వివాదం లేదు. ఈ రెండింటినీ విడదీయకపోతే, పెద్దల నివాసం మీద పోరు తేలేదాకా పిల్లల బాల్యం గడిచిపోతుంది.

మనకు ఇది కొత్త కాదు. కొల్లేరులో అయిదో కాంటూరు లోపల ఎవరు ఉండాలి, ఏం కట్టాలి అన్న వాదన 1999లో అభయారణ్యం ప్రకటన నాటి నుంచి నడుస్తూనే ఉంది. 2006లో చేపల చెరువుల గట్లను కొట్టేశారు. వాదన ఏ వైపు మొగ్గినా, వరద వచ్చినప్పుడల్లా లంక గ్రామాల దారులు మునగడం, పిల్లలు బడి మానడం మాత్రం ఆగలేదు.

చట్టం ఏం చెబుతోంది

విద్యాహక్కు చట్టం నిబంధనల్లో అందరికీ గుర్తుండేది ఒక కిలోమీటరు సంగతే. ఒకటి నుంచి అయిదు తరగతుల బడి నడిచి వెళ్లగల కిలోమీటరు లోపు ఉండాలి. ఆ వెంటనే ఉన్న మాటను మాత్రం ఎవరూ పెద్దగా తలుచుకోరు. కొండచరియలు, వరదలు, దారి లేకపోవడం వల్ల చిన్నపిల్లలు ఇంటి నుంచి బడికి వెళ్లే దారిలో ప్రమాదం ఉంటే, ఆ ప్రమాదం తప్పేలా దూరాన్ని తగ్గించి మరీ బడిని పెట్టాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. బడి పెట్టడానికి వీలు లేని చిన్న ఆవాసమైతే, ఉచిత రవాణా గానీ వసతి గానీ ఏర్పాటు చేయాలి.

అంటే చట్టం రెండు దారులు చూపింది: బడిని పిల్లల దగ్గరికి తేవడం, పిల్లల్ని బడి దగ్గరికి చేర్చడం. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా 'ప్రమాదం లేకుండా' అన్న షరతు మారదు. పటం మీద కిలోమీటరు ఉన్నంత మాత్రాన సరిపోదు. మధ్యలో పాయ ఉంటే ఆ కిలోమీటరు కాలినడక కాదు, పడవ ప్రయాణం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117 మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు ఊళ్లలో రేగిన ఆందోళనకు మూలం ఇదే. లెక్కలో దగ్గరగా కనిపించిన బడికి దారిలో కాలువో, హైవేనో అడ్డం వచ్చింది. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. కానీ దూరాన్ని సంఖ్యతో కొలిచే అలవాటు పోయిందని చెప్పలేం.

ఇక 'సురక్షిత బడి' అన్నది దయ కాదు, హక్కు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటపాకలో పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘటన తర్వాత దాఖలైన అవినాష్ మెహ్రోత్రా కేసులో 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. విద్యాహక్కులో భద్రమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని స్పష్టం చేసింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పాఠశాల భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద మనకు లోటు లేదు.

తీరప్రాంత నియంత్రణ నిబంధనలు అడ్డు వస్తాయని కొందరు అధికారులు చెబుతుంటారు. కానీ నిర్మాణాలు నిషేధించిన మేరలో కూడా స్థానికులకు అవసరమైన బడి, ఆసుపత్రి, మరుగుదొడ్లు, వంతెన లాంటి వాటికి అనుమతి ఇచ్చే వెసులుబాటు సీఆర్‌జెడ్ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి 'కట్టకూడదు' అన్నది పూర్తి సమాధానం కాదు. 'ఇక్కడ కట్టడం భద్రమా' అన్నదే అడగాల్సిన ప్రశ్న.

పిల్లలు ఎక్కడ చనిపోయారు

నీళ్లూ చదువూ కలిసిన చోట్ల జరిగిన విషాదాలను వరుసగా పెట్టి చూస్తే ఒక విషయం బయటపడుతుంది.

2007 ఫిబ్రవరి 20: కేరళలోని తట్టెక్కాడ్. విహారానికి వెళ్లిన బడి పిల్లల పడవ పెరియార్‌లో మునిగింది. 15 మంది విద్యార్థులు, ముగ్గురు ఉపాధ్యాయులు చనిపోయారు.

2018 జూలై 14: తూర్పు గోదావరి జిల్లా ఐ.పోలవరం మండలం పశువుల్లంక. బడి నుంచి ఇంటికి వస్తున్న పిల్లలున్న నాటు పడవ గౌతమి పాయలో, కడుతూ ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. గల్లంతైన వారిలో ఎక్కువమంది బడి పిల్లలే. ఆ లంక పిల్లలకు పడవ దాటడం తప్ప మరో దారి లేదు. ఆ దారి కోసం కడుతున్న వంతెనకే పడవ తగిలింది.

2024 జనవరి 18: గుజరాత్‌లోని వడోదర హర్ణి చెరువు. విహారానికి వెళ్లిన 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు.

అండమాన్‌లో కూడా 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర పర్యాటకుల పడవ మునిగి 21 మంది చనిపోయారు. పట్టాల్సిన వారి కంటే చాలా ఎక్కువ మందిని అందులో ఎక్కించారు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ బడి గోడ కూలి జరిగింది కాదు. అన్నీ దారిలో జరిగినవే. పడవలో ఎక్కువ మంది ఎక్కడం, లైఫ్ జాకెట్లు లేకపోవడం లేదా ఉన్నా వేయకపోవడం, చూసే అధికారి లేకపోవడం: ఇలాంటి ప్రమాదాల వెనుక మళ్లీ మళ్లీ కనిపించేవి ఇవే. అయినా నీటి పల్లెకు బడి అనగానే మన చర్చ అంతా భవనం నమూనా మీదే నడుస్తుంది. శంకుస్థాపన రాయికి ఫొటో ఉంటుంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పడవ నడిపే మనిషి జీతానికి ఫొటో ఉండదు.

అందమైన బడి ఎందుకు కూలింది

నైజీరియాలోని లాగోస్ నగరంలో మకోకో అనే మత్స్యకార వాడ ఉంది. ఉప్పుటేరు మీద గుంజలు పాతి కట్టుకున్న ఇళ్లు, పడవలే దారులు. అక్కడ కున్లే అడెయెమి అనే వాస్తుశిల్పి 2013 నాటికి మూడంతస్తుల తేలే బడి నిర్మించాడు. చెక్కతో త్రిభుజాకారపు కట్టడం, అడుగున 250కి పైగా ప్లాస్టిక్ పీపాలు. ప్రపంచ పత్రికలన్నీ దాని ఫొటోలు వేశాయి. 2016లో దాని నమూనాకు వెనిస్ ప్రదర్శనలో పురస్కారం వచ్చింది. అదే ఏడాది జూన్ 7న మకోకోలోని అసలు బడి భారీ వర్షానికి కూలిపోయింది. అప్పటికి కొన్ని నెలల ముందే పిల్లల్ని అందులోంచి ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణనష్టం జరగలేదు.

ఆ కూలడం నుంచి నేర్చుకోవాల్సింది తేలే బడులు పనికిరావని కాదు. నీటి మీది కట్టడానికి మరమ్మతు అన్నది ఎప్పుడో ఒకసారి చేసే పని కాదు, నిత్యం చేసే పని. పీపాల పట్టీలు వదులవుతాయి. మేకులు తుప్పు పడతాయి. ఉప్పునీటిలో చెక్కను పురుగు తొలుస్తుంది. లంగరు తాడు ఒరుసుకుని తెగుతుంది. నేల మీద బడి పదేళ్లు సున్నం చూడకపోయినా నిలబడుతుంది. నీటి మీద బడిని ఒక వానాకాలం పట్టించుకోకపోతే చాలు. కాబట్టి మొదటి ఖర్చు ఎంత అన్న ప్రశ్న కన్నా, అయిదో ఏడు మరమ్మతు డబ్బు ఎవరిస్తారు అన్న ప్రశ్న పెద్దది.

బంగ్లాదేశ్‌లో మహమ్మద్ రెజ్వాన్ స్థాపించిన శిధులై స్వనిర్భర్ సంస్థ మరో దారి పట్టింది. 2002 నుంచి అక్కడ చలన్ బీల్ ముంపు ప్రాంతంలో బడి పడవలు నడుస్తున్నాయి. పడవే ఉదయం రేవు రేవునా ఆగి పిల్లల్ని ఎక్కించుకుంటుంది. ఒకచోట కట్టేసి పాఠం చెబుతారు. అయిపోయాక మళ్లీ ఇళ్ల దగ్గర దింపుతారు. కప్పు మీది సౌర పలకలతో వెలుతురు వస్తుంది. ఇందులో కొత్త కనిపెట్టుడు ఏమీ లేదు. అక్కడి పడవ మేస్త్రీలకు తెలిసిన పడవే అది. అది పాడైతే బాగు చేయగలిగినవాడు పక్క ఊళ్లోనే ఉంటాడు. బడి, బస్సు రెండూ ఒకటే కావడంతో దారి ప్రమాదం కూడా బడి బాధ్యతలోకి వచ్చింది. మకోకోకూ చలన్ బీల్‌కూ తేడా ఇదే. అక్కడ కట్టడం ముందు వచ్చింది, ఇక్కడ మనుషులు ముందు వచ్చారు.

ఇంజనీరును అడగాల్సినవి

తేలే బడే కావాలనుకుంటే కొన్ని విషయాల్లో రాజీ ఉండకూడదు. ఒక చిన్న లెక్క చూద్దాం. సగటున ఇరవై కిలోలుండే నలభై మంది పిల్లలు కిటికీలోంచి ఏదో చూడాలని ఒక్కసారిగా ఒక పక్కకు పరుగెత్తితే ఎనిమిది వందల కిలోల బరువు ఆ పక్కకు చేరుతుంది. పిల్లలు అలాంటి పని చేస్తారు, అందుకే వాళ్లు పిల్లలు. కట్టడం దాన్ని తట్టుకునేంత వెడల్పుగా, బరువు కిందికి ఉండేలా కట్టాలి. మేడలు వద్దు. ఒక్క అంతస్తు, తేలికైన కప్పు చాలు.

తేల్చే భాగాన్ని విడివిడి అరలుగా చేయాలి. ఒక అరకు చిల్లు పడినా మిగతావి మోయాలి. చుట్టూ పిల్లల భుజం ఎత్తున కడ్డీలు, వాటి మధ్య తల దూరనంత సందు ఉండాలి. తలుపులు రెండు వైపులా ఉండాలి. కుంభకోణం నేర్పినట్టు పొయ్యి పాఠం గది పక్కన ఉండకూడదు, మధ్యాహ్న భోజనం వేరే చోట వండి తేవాలి. మరుగు నీరు సరస్సులోకి పోకూడదు, ఎందుకంటే ఆ ఊరు తాగేదీ, చేప పట్టేదీ అక్కడే. నీటిమట్టం పెరిగినా తగ్గినా లంగరు అందుకు తగ్గట్టు ఆడాలి. టోన్లే సాప్ లాంటి చోట వేసవిలో మనిషి లోతు ఉండే నీరు వానాకాలంలో మేడ ఎత్తుకు చేరుతుంది.

ఇక్కడ చట్టపరమైన సందు ఒకటి ఉంది. బడి భవనాల ప్రమాణాలు నేలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. విద్యాహక్కు చట్టం అనుబంధం అన్ని రుతువులకూ తట్టుకునే భవనం ఉండాలంటుంది, చుట్టూ ప్రహరీ ఉండాలంటుంది. నీటి మీద ప్రహరీ అంటే ఏమిటి? పడవలను తనిఖీ చేసి, రిజిస్టర్ చేసే ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం 2021లో కొత్తగా వచ్చింది. దాని దృష్టి ప్రయాణించే నౌకల మీద. రోజుకు ఆరు గంటలు పిల్లలు కూర్చునే తేలే గదిని ఏటా ఎవరు పరీక్షించాలి? విద్యాశాఖ ఇంజనీరుకు నీళ్లు తెలియవు, రేవు అధికారికి బడి తెలియదు. ఈ బాధ్యతను ఒకరి పేరున రాయకుండా తేలే బడికి అనుమతి ఇస్తే, ప్రమాదం జరిగిన రోజున ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు.

అండమాన్‌కు ఏది తగును

లోక్‌తక్ లాంటి తేలే ఊరు అండమాన్‌లో లేదు. ఇక్కడి తెలుగు మత్స్యకారులు రేవుల పక్కన, పాయల అంచున నేల మీదే బతుకుతున్నారు. కాబట్టి ఇక్కడికి తేలే బడి తేవడం ఫొటోకు బాగుంటుందేమో గానీ అవసరానికి కాదు. ఇక్కడ ముప్పు వేరు. దేశ భూకంప పటంలో అత్యంత ప్రమాదకరమైన మండలాల్లో ఈ దీవులున్నాయి. భూకంపం పుట్టే చోటు పక్కనే ఉంది.

సునామీ హెచ్చరిక కేంద్రం ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి పనిచేస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లోపే తొలి సమాచారం ఇవ్వగలదు. విశాఖకు, చెన్నైకి ఆ హెచ్చరిక గంటల వ్యవధి ఇస్తుంది. అండమాన్‌కు దగ్గరలో భూకంపం వస్తే అల చేరడానికి పట్టేది నిమిషాలే. హైదరాబాద్ నుంచి కబురు పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి పంచాయతీకి, అక్కడి నుంచి హెడ్‌మాస్టరుకు చేరేలోగా నీరు చేరవచ్చు. అందుకే ఇక్కడ బడికి తొలి హెచ్చరిక సైరన్ కాదు, కాళ్ల కింద కదిలే నేల. చాలాసేపు, గట్టిగా కంపిస్తే ఎవరి ఆదేశం కోసమూ చూడకుండా ఎత్తుకు వెళ్లాలి.

జపాన్‌లో 2011 మార్చి 11న జరిగిన రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడాలి. కమాయిషి పట్టణంలో బడి పిల్లలు ఏళ్ల తరబడి చేసిన సాధన ప్రకారం భూకంపం ఆగగానే కొండవైపు పరుగెత్తారు. ఆ రోజు బడుల్లో ఉన్న దాదాపు మూడు వేల మంది బతికారు. ఒకావా ప్రాథమిక పాఠశాలలో 74 మంది పిల్లలు, 10 మంది సిబ్బంది చనిపోయారు. అది పాకలో నడిచే బడి కాదు, కాంక్రీటు భవనం. వెనకే గుట్ట ఉంది. కానీ ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేక పిల్లల్ని సుమారు యాభై నిమిషాలు ఆటస్థలంలోనే ఉంచారు. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. ముందస్తు ప్రణాళిక సరిగా లేకపోవడం బడి, స్థానిక ప్రభుత్వాల తప్పేనన్న తీర్పును 2019లో జపాన్ సుప్రీంకోర్టు ఖరారు చేసింది. గట్టి గోడ ఉంటే చాలనుకునేవాళ్లు ఒకావాను మరవకూడదు.

దగ్గరి ఉదాహరణ ఒడిశాలో ఉంది. గంజాం జిల్లా వెంకట్‌రాయ్‌పూర్, జగత్సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి గ్రామాలను 2020లో యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం 'సునామీకి సిద్ధమైన' గ్రామాలుగా గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి రెండు ఊళ్లు అవే. నోలియాలంటే ఒడిశా తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులే. ముంపు పటం గీయడం, తప్పించుకునే దారి గుర్తుపెట్టడం, ఊరంతా కలిసి సాధన చేయడం: ఆ గుర్తింపుకు కావాల్సినవి ఇలాంటివే. వీటికి కోట్లు అక్కర్లేదు. గంజాంలో చేయగలిగింది జంగ్లీఘాట్‌లో చేయలేకపోవడానికి కారణం కనిపించదు.

భవనం అవసరమైన చోట మన దగ్గరే మంచి పాఠం ఉంది. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన పది వేల ప్రాణాలు తీసిన తర్వాత కోస్తా పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. వాటిలో బడి నడిచిన చోట తలుపులు, మెట్లు, నీళ్ల ట్యాంకు పనికొచ్చే స్థితిలో ఉంటాయి. తాళం వేసి వదిలేసిన చోట తుఫాను రోజున తాళం చెవి దొరకదు. రోజూ వాడే కట్టడమే ఆపద రోజున అక్కరకొస్తుంది. అండమాన్ మత్స్యకార వాడల్లో కొత్త బడి కడితే అది ఎత్తైన చోట, ఊరికంతటికీ ఆశ్రయమయ్యేలా, భూకంపాన్ని తట్టుకునేలా ఉండాలి. దిగువన ఉన్న పాత బడిని వెంటనే మార్చలేకపోతే, కనీసం గుట్ట మీదికి మెట్ల దారి వేయాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన కురిసే ఈ దీవుల్లో ఆ మెట్లు నాచు పట్టకుండా చూసే మనిషి కూడా ఉండాలి.

భాష, క్యాలెండరు, గుర్తింపు

భద్రతలో మూడు విషయాలు చర్చకే రావు. మొదటిది భాష. ప్రమాద వేళ చెప్పే మాట పిల్లవాడికి ఒక్క క్షణంలో అర్థం కావాలి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లిష్ ఉన్న ఆరేళ్ల పిల్లకు ఆపద సూచన ఏ భాషలో చెబుతాం? వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. కనీసం అయిదో తరగతి వరకు ఆ పద్ధతి మేలని 2020 జాతీయ విద్యావిధానం కూడా అంటోంది. తెలుగు మాధ్యమం వద్దని తల్లిదండ్రులే ఇంగ్లిష్ వైపు వెళ్తున్నారన్నది నిజమే, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. బోధన ఏ భాషలో సాగినా, మొదటి రెండు తరగతుల్లో పిల్లల భాష వచ్చిన ఒక టీచరు ఉండటం చదువుకూ, ప్రాణానికీ అవసరం.

రెండోది క్యాలెండరు. తూర్పు తీరంలోనూ అండమాన్‌లోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. తండ్రి ఇంటి పట్టున ఉండే ఆ రెండు నెలల్లో చాలాభాగం బడికి సెలవులు. వేట ముమ్మరంగా సాగే రోజుల్లో చేతికందొచ్చిన పిల్లవాడు రేవులో ఉంటాడు. విద్యా క్యాలెండరు నిర్ణయించే అధికారాన్ని చట్టం స్థానిక సంస్థకు ఇచ్చింది. ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు పూర్తి చేస్తే చాలు, వాటిని ఎలా సర్దుకోవాలో ఊరు చూసుకోవచ్చు. ఆ వెసులుబాటును వాడుకున్న తీరగ్రామం అరుదు.

మూడోది గుర్తింపు. బడి ఎంత మంచిదైనా ప్రభుత్వ లెక్కల్లో లేకపోతే టీచరు పోస్టు రాదు, మధ్యాహ్న భోజనం రాదు, తనిఖీ రాదు. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలన్న నిబంధన లెక్కలోకి వచ్చిన బడికే. నీటి పల్లెలో ఆ ఇద్దరు అన్న మాట ఇంకా ముఖ్యం. ఒకే టీచరు ఉండి ఒక పిల్లవాడు నీళ్లలో పడితే, మిగతావాళ్లను చూసేదెవరు? స్వచ్ఛంద సంస్థలు బడిని మొదలుపెట్టగలవు. ముప్పై ఏళ్లు నడపాల్సింది మాత్రం ప్రభుత్వమే.

శంకుస్థాపనకు ముందు

కాబట్టి ఇకపై ఏ లంకలోనైనా, ఏ రేవులోనైనా, ఏ సరస్సులోనైనా పేద మత్స్యకార పిల్లలకు బడి కడతామని ఎవరైనా వస్తే, పాఠశాల యాజమాన్య కమిటీలోని తల్లులు, తండ్రులు ఈ ప్రశ్నలు అడగాలి. పిల్ల ఇంటి గుమ్మం నుంచి బడి గుమ్మం దాకా ఏయే చోట నీరు దాటుతుంది? అక్కడ పడవ ఎవరిది, ఎంతమందిని ఎక్కించాలి, లైఫ్ జాకెట్లు పిల్లల కొలతలవేనా? నేల కంపిస్తే పిల్లలు ఎటు పోవాలి, ఎన్ని నిమిషాల్లో చేరతారు, ఎవరైనా గడియారం పెట్టి చూశారా? కట్టడాన్ని ఏటా పరీక్షించే అధికారి పేరు ఏమిటి? అయిదో ఏడు మరమ్మతు డబ్బు ఏ పద్దులో ఉంది?

ఈ ప్రశ్నలకు జవాబులున్న పాత రేకుల షెడ్డు, జవాబుల్లేని కొత్త మేడ కన్నా మేలు. షెడ్డుతో సరిపెట్టుకోమని కాదు, మేడ కట్టేటప్పుడు ఇవి మరవొద్దని.

2004లో ఆ ఉదయం సెలవు రోజు కావడం వల్ల పిల్లలు బడిలో చిక్కుకోలేదు. అందులో మన ఘనత ఏమీ లేదు. మళ్లీ నేల కదిలే రోజు ఏ వారమో, ఏ గంటో ఎవరూ చెప్పలేరు. అది బడి వేళ అని అనుకునే మనం సిద్ధం కావాలి.